ముప్పావు మాస్టారి చివరి నట్టు

ముప్పావు మాస్టారు తన జన్మలో చివరి నట్టు బిగించి ఎరగరు. మొదటిది బిగిస్తారు, రెండోది బిగిస్తారు, మూడోది చూసేవాళ్ళకి ముచ్చటేసేలా బిగిస్తారు. నాలుగోది చేతిలోకి తీసుకుని, కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, దగ్గర్లో ఎవరు దొరికితే వాళ్ళ అరచేతిలో పెట్టేస్తారు. "ఇదొక్కటీ కానివ్వు" అంటారు. ఎవరూ దొరక్కపోతే ఆ నట్టు కిటికీ గూట్లోకి పోతుంది. ఆ గూట్లో ఉన్న నట్లతో చిన్నసైజు వంతెన కట్టొచ్చని ఆయన భార్య అంచనా.

దీన్ని చేతకానితనం అనడానికి వీల్లేదు. ముప్పై రెండేళ్ళు సాంకేతిక పాఠశాలలో ఫిట్టింగ్ నేర్పిన మనిషి. ఇనపముక్కని ఆకురాయితో గాజుపలకలా నునుపు చేయగలరు. కానీ ఆఖరి రాపిడి మాత్రం ఎవరో ఒక విద్యార్థి చేత పెట్టించేవారు. ముప్పావు అనే పేరు ఆ విద్యార్థులు పెట్టిందే. ఆయనకి అది తెలుసు. పూర్తి పేరుతో పిలిస్తే కాస్త ఆలస్యంగా పలుకుతారు.

ఇంటికి ఆకుపచ్చ గేటుంది. కింద జానెడు మేర తుప్పు రంగే. పుస్తకాల బీరువాకి రెండు తలుపులు, ఒక దానికే గొళ్ళెం. పత్రికలో గళ్ళనుడికట్టు నింపుతూ కూర్చుని, ఒక్క గడి మిగిల్చి భార్య ముందుకి తోస్తారు. అంతెందుకు, మాటలు కూడా అంతే.

"నిన్న పాలవాడు ఏమన్నాడో తెలుసా? రేపట్నించీ మన వీధికి..." అని ఆగి, కళ్ళజోడు తుడుచుకుంటారు.

"ఆఁ, మన వీధికి?"

"నువ్వు చెప్పు చూద్దాం."

"నేను చెప్పేదేమిటండీ? పాలు వస్తాయా, రావా?"

ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయింది. ఉద్యోగమంతా అవతలివాళ్ళ మాటలు కలిపింది. ఇంట్లో కలవని మాటల్ని కలపడం మాత్రం తన వల్ల కాలేదని ఒప్పేసుకుంది.

ఈ ఇంటికి అల్లుడుగా వచ్చినవాడు లిఫ్టులు తనిఖీ చేసే అధికారి. విధి పరిహాసమంటే ఇదే. అతని ఉద్యోగమంతా చివరి నట్టు మీదే నడుస్తుంది. పిల్లనిమ్మని అడగడానికి వచ్చిన రోజున మాస్టారు అతన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, గొంతు సవరించుకుని, "మా అమ్మాయి చాలా మంచిది, కానీ..." అన్నారు. అని లేచి వెళ్ళి మొక్కలకి నీళ్ళు పోశారు. పెళ్ళయి ఆరేళ్ళయింది. ఆ 'కానీ' తర్వాత ఏముందో అతనికి ఇప్పటికీ తెలియదు. భార్య కాస్త గట్టిగా తలుపు వేసినప్పుడల్లా, బహుశా ఇదేనేమో అనుకుంటాడు.

మొదటిసారి అత్తారింట్లో భోంచేసి హాల్లో నడుం వాల్చి పైకి చూసినవాడు మరి కన్ను మూయలేదు.

"మావయ్యగారూ, ఆ ఫ్యానుకి ఒక స్క్రూ లేదు."

"ఎందుకు లేదు? కిటికీలో ఉంది."

"అక్కడుంటే ఏం లాభమండీ?"

"అదే నేనూ అంటున్నా. స్టూలు తలుపు వెనకాల ఉంది."

ఓపిక గొప్ప గుణమని రాసేవాళ్ళు ఎవరూ మూడు స్క్రూల ఫ్యాను కింద పడుకుని రాయలేదు. అల్లుడు లేచి స్క్రూ బిగించాడు. ఆనాటి నుంచి అత్తారింటికి వచ్చినప్పుడల్లా జేబులో స్క్రూడ్రైవర్ ఉండేది. వచ్చిన ప్రతిసారీ దానికి పని ఉండేది.

ఇలా ఉండగా కిందటేడు అతనికి ఒక దెబ్బ తగిలింది. అతను పరిశీలించి, అంతా సవ్యంగా ఉందని సంతకం పెట్టిన ఒక లిఫ్టు పదిరోజులకే మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. లోపల ఆరుగురు, మూడు గంటలు. అందులో ఒకాయన పళ్ళ డాక్టరు. కిందికెళ్ళి ఇప్పుడే వస్తానని చెప్పి వచ్చాడట. పైన ఆయన రోగి కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్నాడు. ఎవరికీ గీత కూడా పడలేదు. విచారణ జరిగింది. తనిఖీ తర్వాత ఒక స్ప్రింగు విరిగిందని, అధికారి తప్పేమీ లేదని తేల్చారు.

కాగితం మీద తేలింది గానీ, అతనిలో తేలలేదు. లిఫ్టు చూస్తాడు, అన్నీ బాగుంటాయి, ఫైలు తెరుస్తాడు, సంతకం గడి దగ్గర చెయ్యి ఆగిపోతుంది. మళ్ళీ వెళ్ళి చూస్తాడు. మళ్ళీ ఆగుతుంది. ఇంట్లో గ్యాసు కట్టేశానా లేదా అని నాలుగుసార్లు లేస్తున్నాడని కూతురు వచ్చి తల్లిదండ్రులతో చెప్పింది. పై అధికారి మంచివాడు కాబట్టి ఏడాది గడువిచ్చాడు. "ఈలోగా సంతకాలు మొదలుపెట్టవయ్యా. లేకపోతే నిన్ను పాత ఫైళ్ళ గదిలో వెయ్యక తప్పదు" అన్నాడు. పాత ఫైళ్ళ గదికి లిఫ్టు లేదు. మెట్లు కిందికే దిగుతాయి.

అందరూ సలహాలిచ్చారు. మనసు దిటవు చేసుకోమన్నారు. పొద్దున్నే లేచి నడవమన్నారు. ఏది జరిగినా మంచికేనన్నారు. వాళ్ళెవరూ ఆ పళ్ళ డాక్టరుతో మాట్లాడినట్టు లేదు. మాస్టారు మాత్రం ఒక్క ముక్క సలహా చెప్పలేదు. ఆ వారంలోనే వెళ్ళి కారు కొనుక్కొచ్చారు.

కారు లారీ ఎక్కి వచ్చింది. అరవై ఏళ్ళనాటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. పొడుగాటి ముక్కు, మోకాలెత్తు తలుపులు, సైకిలుకున్నట్టు స్పోకుల చక్రాలు. పైకప్పు మొదటి నుంచీ లేదు. మిగతావి మధ్యలో పోయాయి. మూతబడిన రంపపు మిల్లులో పాతికేళ్ళు పడుకుని ఉండటంతో ఒళ్ళంతా పొట్టు. డ్రైవరు సీట్లో ఏదో కోడి సంసారం చేసి వెళ్ళిన గుర్తులు.

అత్తగారు గేటు దగ్గరే నిలబడిపోయింది. "ఏమండీ, ఏమిటిది?"

"స్పోర్ట్స్ కారు. పందేల్లో పరిగెత్తేది."

"దీనికి లేచి నిలబడే ఓపికే లేదు. రంగేమిటి?"

"ఎరుపు."

"ఎక్కడా?"

"ఉండేదట."

"ఇంట్లో ముప్పావు బీరువా ఉంది, ముప్పావు గేటుంది. ఇప్పుడు ముప్పావు కారు కూడానా?"

"ఛఛ, ఇది పావే. ఇంకో సగం నేను చేస్తాను."

"మరి మిగిలిన పావు?"

మాస్టారు కళ్ళజోడు సవరించుకున్నారు. లారీ వెనక నిలబడి, దించేటప్పుడు తాళ్ళు సరిగా కట్టారో లేదో నాలుగోసారి చూస్తున్న అల్లుడి వైపు చూశారు.

ఆదివారం ఆదివారం పని సాగింది. మిగతా రోజుల్లో మాస్టారు ఒక్కరే చేసుకునేవారు. ఇంజనుని ముక్కలు ముక్కలుగా విప్పి, ప్రతి ముక్కనీ కిరసనాయిల్లో కడిగి, బిస్కెట్ డబ్బాల్లో సర్ది చీటీలంటించారు. భోజనాల బల్ల మీద కార్బురేటర్ కూర్చుంది. బల్ల ముందు మనుషులు నిలబడి తిన్నారు. రేకు కింద చెక్క చట్రాన్ని చెదలు తినేసి ఉంటే, బీరువా రెండో తలుపు కోసి అతికారు. గొళ్ళెం సమస్య కూడా దాంతో తీరిపోయింది. ఏడో నెలలో ఒక మధ్యాహ్నం ఇంజను దగ్గింది, తుమ్మింది, ఆ తర్వాత వీధి చివరిదాకా వినబడేట్టు గర్జించింది. అత్తగారు వంటింట్లోంచి, "మీరు పిలిచారా?" అని అడిగింది.

ఇక అయిపోయిందనుకున్నారంతా. ఎలా అవుతుంది? చేసింది ముప్పావు మాస్టారు కదా.

ఆ మర్నాటి ఆదివారం అల్లుడు వచ్చి చూస్తే రేడియేటర్ గొట్టం క్లిప్పు వదులుగా ఉంది. తర్వాతి ఆదివారం సైలెన్సర్ బిగింపు. ఆ తర్వాత స్టీరింగు కింద ఒక బోల్టు.

"మావయ్యగారూ, చేసిన పని ఒక్కసారైనా చూసుకుంటారా మీరు?"

"చూసుకోవడానికి నువ్వున్నావుగా."

"నేను చూడకపోతే?"

"చూశావుగా."

ఇలాంటి మనిషితో వాదించడం గోడకి రంగేయడం లాంటిది, అదీ జానెడు మిగిలిపోయేలా. అల్లుడు పళ్ళు కొరుక్కుంటూ కారంతా గాలించేవాడు. మొదట్లో ఒక్కొక్క నట్టునీ నాలుగేసిసార్లు చూసేవాడు. "అబ్బాయ్, ఇంక వదిలెయ్. అరిగిపోతుంది" అని అత్తగారు టీ పట్టుకుని నిలబడేది. టీ చల్లారేది. రానురాను నాలుగు మూడయింది, మూడు రెండయింది. ఒక ఆదివారం అతను దొరికిన నట్టు బిగించి, చేతులు తుడుచుకుని, వేడి వేడి టీ తాగాడు. ఆ సంగతి అతను గమనించలేదు. మాస్టారు గమనించి, తన టీ ఆఖరి గుక్క వదిలేసి లేచారు. ఎప్పుడూ వదిలేస్తారు కాబట్టి దాన్నీ ఎవరూ గమనించలేదు.

ఒక్క ఆదివారం మాత్రం కొంచెం తేడాగా జరిగింది. ఆ రోజు అల్లుడికి మూడు దొరికాయి.

"మూడా?" అన్నారు మాస్టారు.

"మూడే. ఈ రెండూ, ఇదిగో, వెనక బ్రేకు పైపు కీలు దగ్గర ఇదొకటి."

మాస్టారి మొహం తెల్లగా పాలిపోయింది. "బ్రేకు పైపా? సరిగ్గా చూశావా?"

"నూనె చెమ్మ కూడా తగులుతోంది, చెయ్యి పెట్టి చూడండి."

మాస్టారు చెయ్యి పెట్టి చూశారు. ఆ పూట అన్నం ముందునుంచి సగంలో లేచారు.

గడువు ఇంకో పదిరోజులుందనగా మాస్టారు ఒక కాగితం పట్టుకొచ్చారు. పాత కార్ల క్లబ్బువాళ్ళ కొండ పందెం. మూడు కిలోమీటర్ల ఎగువ దారి, పదిహేడు మలుపులు. ఒక్కొక్క కారే వెళ్ళాలి. ఎవరు తక్కువ సమయంలో పైకి చేరితే వాళ్ళది గెలుపు.

"ఒక్కొక్కళ్ళే వెళ్తే పందెం ఎవరితోనండీ?" అంది అత్తగారు.

"గడియారంతో."

"అది మీకన్నా ముందే ఇంటికొచ్చేస్తుంది."

కాగితమంతా మాస్టారు చక్కటి దస్తూరీతో నింపారు. ఒక్క గడి ఖాళీ. 'వాహనాన్ని పరిశీలించి, పందేనికి తగి ఉన్నదని ధ్రువీకరించిన వారి సంతకం. (నడిపేవారు చేయరాదు.)' అల్లుడు దాన్ని చూశాడు. మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు.

"కొండ దగ్గర పెడతాను లెండి" అన్నాడు అల్లుడు. అలా అనేవాళ్ళు ఎలా పెడతారో అందరికీ తెలుసు.

పందెం రోజు కొండ కింద ఇరవై కార్లు వరసకట్టాయి. మెరిసేవీ, పొగలు కక్కేవీ, యజమాని కన్నా బాగా పాలిష్ పెట్టినవీ. మాస్టారి కారు ఎర్రగా ఉంది. వెనక బంపరు తప్ప. ఆ పని ఎవరికి కేటాయించారో తెలియదు. క్లబ్బు కార్యదర్శి అట్టకి తగిలించిన కాగితం, కలం ఇచ్చి, "సంతకం" అన్నాడు.

అల్లుడు కలం పుచ్చుకున్నాడు. చెయ్యి గడి దాకా వెళ్ళి ఆగింది. "ఒక్క నిమిషం" అని వెనక్కి వెళ్ళాడు.

ఆ కారు చక్రానికి నాలుగు నట్లుండవు. మధ్యలో రెండు చెవులున్న పెద్ద నట్టు ఒక్కటే. దాన్ని మెత్తటి సీసపు సుత్తితో కొట్టి బిగించాలి. ఎడమ చక్రాలవి కుడికి తిప్పితే బిగుస్తాయి, కుడి చక్రాలవి ఎడమకి. కారు పరిగెడుతుంటే నట్లు ఊడిరాకుండా ఈ ఏర్పాటు. ఎటు కొడితే ఊడుతుందో నట్టు మీదే బాణంగుర్తు చెక్కి ఉంటుంది. మొదటి వారంలోనే మాస్టారు ఇదంతా అతనికి చెప్పారు.

అల్లుడు ఎడమవైపు రెండూ కొట్టాడు. కుడివైపుకి వచ్చాడు. వెనక కార్ల హారన్లు మొదలయ్యాయి. "ఏమయ్యా, ఈ సంవత్సరం పందేనికేనా?" అని ఎవరో అరిచారు. అతను వెనక చక్రానిది కొట్టి, కంగారుగా ముందు చక్రం నట్టుని మూడు దెబ్బలు కొట్టి, లేచి, కలం అందుకున్నాడు. కాగితం మీద పెట్టాడు.

మళ్ళీ ఆగాడు. ఈసారి ఆగింది చెయ్యి కాదు, చెవి. బిగిసిన నట్టు మీద దెబ్బ పడితే గంటలా మోగుతుంది. మూడో దెబ్బ గుమ్మడికాయ మీద పడ్డట్టు వినబడింది.

వెనక్కి వెళ్ళి వంగాడు. బాణం ఎటు చూపిస్తోందో అటే కొట్టాడు తను. మాస్టారు అక్కడే నిలబడి, తన కాలు ఆ చక్రానికి అడ్డంగా పెట్టి, ఏ మచ్చాలేని కళ్ళజోడుని తుడుస్తున్నారు. అల్లుడు సుత్తి తీసుకుని రెండోవైపు కొట్టాడు. డుబ్బు, డుబ్బు, టంగ్. ఇంకొకటి. టంగ్.

లేచేసరికి అతని మొహంలో నెత్తురు లేదు. "నేనే విప్పేశాను, మావయ్యగారూ. నా చేతుల్తో నేనే."

"ఊఁ. పట్టుకున్నదెవరు?"

అల్లుడు సుత్తి కింద పెట్టాడు. మామగారి కాలి వైపు చూశాడు. కాగితం తీసుకుని, ఏడాది తర్వాత, సంతకం పెట్టాడు. మొదటి అక్షరం కొంచెం వంకర పోయింది, మిగతావి బాగానే వచ్చాయి.

"కింద హోదా కూడా రాయాలండీ" అన్నాడు కార్యదర్శి.

అతను ఒక్క క్షణం ఆలోచించి, 'అల్లుడు' అని రాశాడు.

పక్క సీట్లో మెకానిక్కు కూర్చోవచ్చని నియమం. జెండా ఊగింది. అప్పటిదాకా ముప్పావు మాస్టారు ఇంత వేగంగా ఏ పనీ చేయగా ఎవరూ చూడలేదు. మొదటి మలుపు దగ్గర అల్లుడి టోపీ పోయింది, నాలుగో మలుపు దగ్గర మాట పోయింది. చెవులు మాత్రం పనిచేస్తున్నాయి. ఇంజను సరే, గేరు సరే, బ్రేకు సరే, చక్రాలు నాలుగూ ఉన్నాయి. ఏడో మలుపు దగ్గర అతను వినడం మానేసి చుట్టూ చూశాడు. కొండ అందంగా ఉంది. పదిహేడో మలుపు తిరిగేసరికి ఎదురుగా తెల్లగీత, దాని పైన గుడ్డ తోరణం, అటూ ఇటూ జనం. గీత దగ్గరున్న నిర్వాహకుడు గడియారం చూసి నోరు తెరిచాడు.

గీతకి పది అడుగుల ముందు మాస్టారు బ్రేకు తొక్కారు.

"ఏమైంది? ఏం చెడింది?" అన్నాడు అల్లుడు.

"ఏం చెడలేదు." మాస్టారు దిగి, కారు చుట్టూ తీరిగ్గా నడిచి వచ్చారు. "జరుగు. ఇదొక్కటీ కానివ్వు."

"మాస్టారూ! గీత దాటలేదండీ!" అని జనం గోల.

"మావయ్యగారూ, మధ్యలో ఆపేస్తారా ఎవరైనా!"

"మధ్యలో ఆగినవాటిని పైకి చేర్చడమే కదూ నీ ఉద్యోగం?"

అల్లుడు జరిగి స్టీరింగు పట్టుకున్నాడు. ఒకసారి ఇంజను ఆగిపోయింది. రెండోసారి కారు ఒక్క ఉరుకు ఉరికి, గీత దాటి, గుడ్డ తోరణాన్ని కూడా కొంత దూరం తీసుకెళ్ళింది. జనం పడీ పడీ నవ్వారు. ఒక కారుకి ఇద్దరు డ్రైవర్లు కుదరదు కాబట్టి పందెంలో లెక్కకి రారని నిర్వాహకుడు ప్రకటించాడు. ఆ పది అడుగుల ముందు వరకూ మాత్రం ఆ రోజుకి అదే మేటి సమయమని బాధగా చెప్పాడు. మాస్టారికి బాధ కలిగినట్టు కనిపించలేదు.

అత్తగారు క్లబ్బు వ్యానులో ముందే పైకి వచ్చి, చెట్టుకింద ఫ్లాస్కుతో కూర్చుంది. అల్లుడికి టీ పోసి ఇస్తూ అంది: "అబ్బాయ్, ఇంక నా వల్ల కాదు, చెప్పేస్తున్నా. ఈ కారు ఎప్పుడో తయారైపోయింది. ఇరవైమూడు శనివారాలుగా ఈయన మధ్యాహ్నం పూట దీని కింద దూరి, ఒక నట్టు వదులు చెయ్యడం, ఏది వదులు చేశారో చీటీ రాసి నా టీపొడి డబ్బాలో దాచడం. ఆదివారం నువ్వు పట్టుకోవడం, ఈయన చీటీ చింపెయ్యడం. ఇరవైమూడూ చింపారు."

అల్లుడు మామగారి వైపు తిరిగాడు. ఆయన మేఘాలు చూస్తున్నారు.

"ఒక శనివారం రెండు విప్పారు, పరీక్ష కాస్త కఠినంగా ఉండాలని. నువ్వు మూడు పట్టుకున్నావు. ఆ బ్రేకుది ఈయన విప్పింది కాదు. నిజంగానే వదులైంది. ఆ రోజు ఎంత భయపడ్డారో నీకు తెలీదు."

"ప్రశ్నపత్రంలో లేని ప్రశ్నకి జవాబు రాశాడు," అన్నారు మాస్టారు మేఘాలతో. "ముప్పై రెండేళ్ళలో నాకలాంటి విద్యార్థి..."

ఎప్పటిలాగే అక్కడ ఆగారు. ఈసారి ఎవరూ అడగలేదు.

అల్లుడు టీ గ్లాసు కింద పెట్టి అన్నాడు: "అంటే ఇన్నాళ్ళూ ఆ ఫ్యాను, ఆ గేటు, అన్నీ ఎవరో ఒకరు 'ఇది నేను చేశాను' అనుకోవాలనే..."

"అంత దూరం వెళ్ళకు," అంది అత్తగారు. "విద్యార్థుల సంగతి వేరు. ఫ్యాను మాత్రం బద్ధకమే."

మాస్టారు ఒప్పుకుంటున్నట్టు తలూపారు.

"మావయ్యగారూ, ఆరేళ్ళ నుంచీ అడగాలనుకుంటున్నాను. 'మా అమ్మాయి చాలా మంచిది, కానీ...' అన్నారు. కానీ ఏమిటి?"

మాస్టారు చాలాసేపు ఆలోచించారు. "ఏదో అనుకున్నానోయ్ అప్పుడు. మర్చిపోయాను. అప్పుడే అడిగి ఉండాల్సింది."

సోమవారం అల్లుడి బల్ల మీద పదకొండు ఫైళ్ళున్నాయి. మధ్యాహ్నానికి పది సంతకాలయ్యాయి. పదకొండోది ఆ లిఫ్టుదే. వెళ్ళి అంతా ఒకసారి చూశాడు, ఒక్కసారే. తలుపు మూసుకుని పై దాకా వెళ్ళి, కిందికి వచ్చి సంతకం పెట్టాడు. మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య కాస్త ఊపిరి బిగబట్టాడు గానీ, దానికి ఫైల్లో గడి లేదు.

ఆ సాయంత్రం తమ వంటింట్లో ఏడాదిగా మూలన ఉన్న అరని గోడకి బిగించాడు. ఒక స్క్రూ, రెండు, మూడు. నాలుగోది చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, కూరగాయలు తరుగుతున్న భార్య అరచేతిలో పెట్టాడు.

ఆమె స్క్రూ వైపు చూసింది, అతని మొహం వైపు చూసింది. "అయిపోయింది. మా నాన్న నీకూ అంటించేశాడు."

"నువ్వు చాలా మంచిదానివి," అన్నాడతను, "కానీ..."

"కానీ?"

అతను కళ్ళజోడు లేని మొహాన్ని చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ఆమె కత్తి పక్కన పెట్టి, చెయ్యి చాపింది.

"ముందు ఆ స్క్రూడ్రైవర్ ఇటివ్వు."